గాజుబీరువాలోని సరస్వతి

గడచిన దసరా సెలవులలో మాకు చిరపరిచితుడగు నొక గృహస్థు తన నూతనగృహమును చూడ రమ్మని మమ్ము పిలిచెను. ఆయన విద్యావంతుడు, ఉదారుడు, బాలికావిద్యను గూర్చి సభలయందు చక్కగా నుపన్యసించువాడు. ముందటి గదిలో గోడ పొడవునను టేకుబీరువా, దానికి గాజుతలుపులు, లోపల చిన్న చిన్న దీపములు, ఆ వెలుగున వరుస తీరిన నూఱు పుస్తకములు. అన్నియు తోలు అట్టలవే. వెన్నులమీద బంగారు అక్షరములు, అంచులకు బంగారు పూత, అట్ట లోపలివైపున పట్టుగుడ్డ, పుట గుర్తునకు పట్టునాడా, నడుమ నడుమ ప్రసిద్ధ చిత్రకారుల పటములు. హోమరు మొదలు డికెన్సు వఱకు పాశ్చాత్య మహాగ్రంథము లందు గలవు. ఇంగ్లీషు బోధించి బ్రదుకువారము గనుక మా కన్నులు చెదరినవి. ఒక సంపుటమును తీసి చూడవచ్చునా యని యడిగితిమి. ఆయన జేబులోని తాళపుచెవితో తలుపు తీసి, చేతిరుమాలుతో ఒక పుస్తకమును పట్టి మాకిచ్చి, "ఎక్కువగా విప్పకండి మాస్టారూ, వెన్ను పగులుతుంది" అనెను.

పుటలు తిప్పబోగా నవి యొండొంటి నంటుకొని యున్నవి. బంగారు పూసిన అంచులు తొలిసారి విడివడునపుడు సన్నని చప్పుడొకటి యగును. ఆ చప్పుడు వినగానే, అనుమతి లేక పరుల యుత్తరమును చింపినట్లు మాకు సిగ్గు కలిగెను. అచ్చయిన నాటినుండి యా గ్రంథము నొక్కరును చదువలేదు.

గృహస్థుని కుమార్తె మా పాఠశాలలో తొమ్మిదవ తరగతి చదువుచున్నది. ఆ బాలిక సెలవులకు ముందే మా పాఠశాల గ్రంథాలయమునుండి 'డేవిడ్ కాపర్‌ఫీల్డు'ను కొనిపోయినది. అది అట్ట యూడిన ప్రతి. మొదటి పదునాఱు పుటలు లేవు. అదే నవల ఆ బీరువా రెండవ వరుసలో ఆకుపచ్చని తోలు తొడుగుకొని నిలిచి యున్నది. "ఆ పోయిన పుటలు ఇందులో చదువుకోరాదా అమ్మా?" యని మేమడిగితిమి. ఆమె తండ్రి ముఖము వంక చూచి, "అవి చదివే పుస్తకాలు కావండీ" అనినది.

మేమీ వ్యాసము వ్రాయుట కా మాటయే కారణము.

ఈ రోగము క్రొత్తది కాదు. మొదటి శతాబ్దమున సెనెకా యను రోమక తత్త్వవేత్త, భోజనశాలల నలంకరించుటకై పుస్తకములు కొనువారిని మందలించెను. రెండవ శతాబ్దమున లూషియన్ అను గ్రీకు రచయిత, చదువెఱుగని పుస్తకసంగ్రాహకుని వెక్కిరించుచు వ్యాసమొకటి వ్రాసెను. 1494లో బాసెలు నగరమున అచ్చయిన సెబాస్టియన్ బ్రాంట్ కవి 'మూర్ఖుల నావ'లో మొదటి మూర్ఖుడెవడు? తాను చదువని పుస్తకముల నడుమ కూర్చుండి, వానిమీద వ్రాలు ఈగలను తోలుకొనువాడు. వీరెవ్వరును పుస్తకద్వేషులు కారు. పుస్తకమును ప్రేమించువానికే ఈ దృశ్యము బాధ కలిగించును.

డికెన్సు మహాశయుడు 1851లో క్రొత్త యింట చేరినపుడు, పుస్తకముల వెన్నులవలె కనబడు ఉత్త అట్టలను చేయించి గోడ కమర్చుకొనెను. వానికి హాస్యపు పేర్లు పెట్టెను. ఒక చిన్న వ్యాజ్యపు చరిత్ర యట, ఇరువదియొక సంపుటములు! పిల్లికి తొమ్మిది ప్రాణములని యింగ్లీషువారి వాడుక గదా. పిల్లి జీవితములు తొమ్మిది సంపుటములు. ఆయన ఖాళీ అట్టలను ఖాళీ అట్టలని యొప్పుకొని నవ్వెను. మనవారు నిండు గ్రంథములను ఖాళీ అట్టలుగా మార్చి గర్వించుచున్నారు. న్యూయార్కున స్ట్రాండు అను ప్రసిద్ధమైన పుస్తకాంగడిలో గృహాలంకారమునకై అడుగుల లెక్కన పుస్తకము లమ్ముదురు. కోరిన రంగువి పేర్చి యిత్తురు. పాత పుస్తకముల నమ్మువారు సయితము ఇట్టి తోలు సంపుటములను వర్ణించునపుడు "ఎవరును చదువనిది" అని గొప్పగా వ్రాయుదురు. ఎవరును తినని యన్నమని వంటవాడు గొప్ప చెప్పుకొనునా?

తోలు అట్టల వైభవమునకు పరాకాష్ఠ చూడవలెనన్న లండనులో సాంగొర్‌స్కీ, సట్‌క్లిఫ్ అను బైండర్లు 1911లో ముగించిన ఉమర్ ఖయ్యాము ప్రతిని చూడవలెను. చూడవలెనన్నామే గాని చూచుటకది లేదు. ఎలిహు వెడ్డరు చిత్రించిన పటములతో గూడిన 'రుబాయతు'కు రెండేండ్లు పనిచేసి, మూడు బంగారు నెమళ్లు గల అట్టను కూర్చి, అందు 1,050 రత్నములు పొదిగిరి. వేయి పౌనులు వెల యనిరి; కొనువారు లేకపోయిరి. తుదకు 1912 మార్చిలో వేలమున 405 పౌనులకు పోయినది. కొన్నవాడు అమెరికాకు పంపుటకై టైటానిక్ ఓడ నెక్కించెను. ఏప్రిలు 15వ తేదీన రత్నములతో, నెమళ్లతో, ఖయ్యాముతో నది సముద్రము పాలయ్యెను. కొన్ని వారములకే సాంగొర్‌స్కీయు నీట మునిగి మరణించెను. మఱల చేసిన రెండవ ప్రతి రెండవ ప్రపంచయుద్ధమున లండనుపై బడిన బాంబులకు నాశనమైనది. మూడవది నేడు బ్రిటిషు లైబ్రరీలో నున్నది.

ఈ కావ్యమే మొదట లోకమునకు ఎట్లు తెలిసినదో చూడుడు. 1859లో ఫిట్జిరాల్డు తన యింగ్లీషు అనువాదమును, అట్టకు తన పేరైన లేకుండ, 250 ప్రతులు మాత్రము అచ్చొత్తించెను. అమ్ముడుపోలేదు. క్వారిచ్ అను పుస్తకవ్యాపారి యా పలుచని పొత్తములను అంగడి యెదుట పెన్నీకొక్కటిగా పెట్టెలో పడవేసెను. 1861లో త్రోవను పోవు చదువరుల చేతికవి చిక్కినవి; వారివలన రొసెట్టికి చేరినవి; అటనుండి లోకమెల్ల ప్రాకినవి. ఆ ప్రాకుటలోనే మన దేశమునకును వచ్చినవి. ఆదిభట్ల నారాయణదాసుగారు పారసీక మూలమును, ఫిట్జిరాల్డు ఇంగ్లీషును పక్కపక్కన పెట్టుకొని సంస్కృతమునను అచ్చ తెలుగునను చేసిన యనువాదము 1932లో వెలువడెను. దువ్వూరి రామిరెడ్డిగారు పారసీకము నేర్చి 'పానశాల' రచించిరి. వీరి బల్లమీద నుండినది రత్నముల నెమలి కాదని వేఱుగ చెప్పనక్కఱలేదు. పెన్నీ పెట్టెలోని పుస్తకము ఇంతదూరము నడచినది. వేయి పౌనుల పుస్తకము ఒడ్డు చేరలేదు.

ఇక తోలు మాట. పందొమ్మిదవ శతాబ్దపు తోలు అట్టలు ఇంగ్లండు గ్రంథాలయములలో ఎఱ్ఱని పొడియై రాలిపోవుట చూచి, కారణము విచారించుటకై లండనులోని కళాసంఘము 1900లో నొక ఉపసంఘమును నియమించెను. గ్యాసుదీపముల పొగ, రంగులద్దుటలో వాడు ఆమ్లములు మొదలైన వానితోబాటు, తోలును శుద్ధిచేయు చెట్ల చెక్కలలో భేదముండుటయు నొక కారణమని వారు తేల్చిరి. త్వరగా పొడియగు వానిలో హిందూదేశమునుండి పోయిన మేకతోళ్లు, గొఱ్ఱెతోళ్లు ముఖ్యములు. వానిని శుద్ధిచేసినది ఏ చెక్కతో ననుకొందురు? మన తంగేడు చెక్కతో. బతుకమ్మలో పేర్చు తంగేడే. మన యూళ్ల చెఱువుగట్లమీది చెట్టు చెక్క వలిచి, లందలలో నానబెట్టి, మన చర్మకారులు శుద్ధిచేసిన తోళ్లు మద్రాసు రేవున నోడలెక్కి, లండనున పుస్తకములకు తొడుగులైనవి.

ఇచ్చట మనవారిని ఒక ప్రశ్న యడుగక తప్పదు. తోలు ముట్టిన చేతిని అశుచి యని యూరి వెలుపల నుంచినది మన సమాజమే గదా. 1950లో రాజ్యాంగము అంటరానితనమును రద్దు చేసినది; మనస్సులలో ఎంత రద్దయినదో ఎవరి మనస్సును వారే యడుగవలెను. ఆ తోలే సముద్రము దాటి, బంగారు అచ్చు గ్రుద్దించుకొని వచ్చినచో దేవుని గది ప్రక్కగదిలో నర్చాపీఠ మెక్కును. ఆ తోలు చేసినవాని బిడ్డ వచ్చి "ఈ పుస్తక మొకసారి చదివి యిత్తును" అని యడిగినచో బీరువా తెఱచువారెందఱు? పోనీ, ఆ గృహస్థు సొంత బిడ్డకే తెఱువలేదు. ఇట్టి సంపుటములలో పెక్కింటి తోలు తోలైనను కాదు. తోలుపొట్టును జిగురుతో కలిపి రేకుగా ఒత్తినది. అది గాజు వెనుకనున్నను కాలక్రమమున పొలుసులుగా లేచిపోవును.

అందమైన వస్తువును ప్రేమించుట పాపమా యని మమ్మడుగుదురు. కాదు. చక్కని కుట్టు, మంచి కాగితము, తీరైన అక్షరము చదువరికి చేయు సేవలు. బాగుగా కుట్టిన పుస్తకము బల్లమీద పెట్టిన వెంటనే చాపవలె పఱచుకొనును. (నేటి చౌక ప్రతులు రెండు చేతులతో నొక్కిపట్టినగాని నిలువవు; ఆ కోపము మాకును గలదు.) విలియం మారిస్ 1896లో ముగించిన చాసరు గ్రంథమున బర్న్‌జోన్సు చిత్రములు 87 గలవు, అచ్చుపనిలో దానికి సాటి యైనవి కొలదిగా నున్నవి. కాని కాగితపు ప్రతులు 425 మాత్రమే, ఒక్కొక్కటి 20 పౌనులు. కళ కొందఱికి మాత్రమే చెందిన నాకక్కఱలేదని సభలలో వాదించిన సామ్యవాది చేతి గొప్ప పని ఆ కొందఱి బీరువాలకే చేరినది. మారిస్ నిజాయితీని మేము శంకింపము. వస్తువు వెల పెరిగినకొలది దాని యజమాని చేయి బిగియునని మాత్రము చెప్పుచున్నాము.

సంగ్రాహకులు లేనిచో ప్రాచీనగ్రంథములు నశించి యుండునందురు. ఇది గట్టి వాదము. దీనికి మా సమాధానము సి. పి. బ్రౌను. ఆయన కంటె తెలుగు పుస్తకములను కూడబెట్టినవా రెవరు? తాళపత్రములు తెప్పించి, కడపలో పండితులకు జీతములిచ్చి పాఠములు సరిచూపించి, శుద్ధప్రతులు వ్రాయించి, 1829లో వేమన పద్యముల నచ్చొత్తించి, 1852లో నిఘంటువును వెలువరించెను. ఆయన కూర్చిన వ్రాతప్రతులు నేడు మద్రాసు ప్రాచ్యలిఖిత పుస్తకాలయమున నున్నవి. బ్రౌను సంగ్రహించినది ఇతరుల చేతికిచ్చుటకు. గాజుబీరువా గృహస్థు సంగ్రహించినది ఇతరుల కంటికి చూపుటకు. ఈ రెండు పనులకు ఒకటే పేరుండుట భాషలోని లోపము.

మన పూర్వులును నిర్దోషులు కారు. పుస్తకమును, స్త్రీని, ధనమును ఒక్క త్రాట గట్టి, పరుల చేతికి పోయినచో పోయినట్లే యని హెచ్చరించు సంస్కృతశ్లోక మొకటి పండితుల నోళ్లలో నాడుచుండును. బాల్యమున మేమును వల్లించితిమి. ఆ వరుస చూడుడు! మూడును తాళము వేయదగిన సొత్తులు. స్త్రీని ఆ వరుసనుండి విడిపింప నొక శతాబ్దమునకు మించి పోరాడుచున్నాము. పుస్తకమును ఎందుకు మఱచితిమి? దసరాలో సరస్వతీపూజనాడు పుస్తకములను పీఠముమీద పేర్చి, పసుపు కుంకుమలు పెట్టి, ఆ దినమున చదువక విడుచు నాచారము పెక్కిండ్ల గలదు. ఏడాదికి ఒక్కదినమైనచో అది బాలురకు ప్రియమైన సెలవు. మా మిత్రుని యింట నది ఏడాది పొడుగునను జరుగుచున్నది.

తాళము తీసినవారును మనవారే. 1901లో హైదరాబాదున శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయమును స్థాపించినవారు, 1918లో వేటపాలెమున సారస్వతనికేతనమును నెలకొల్పినవారు, 1935లో కృష్ణ కాలువపై పడవలో పుస్తకములు పెట్టుకొని యూరూర చదువరులను వెదకికొని పోయినవారు అట్టివారు. ఆ పడవలోని పుస్తకములకు తడి తగిలియుండును, రేవున బట్టలుతుకువారి చేతులు తగిలియుండును. పుస్తకమునకు తగులవలసినవి అవియే.

ఇంత వ్రాసిన పిదప మా గుట్టు దాచుట న్యాయము గాదు. పదునెనిమిదేండ్ల క్రిందట మేమును ఒక నెల జీతములో సగము పోసి, ఎఱ్ఱ తోలట్టల షేక్‌స్పియరు నాటకముల సంపుటము నొకదానిని, పటములతో గూడినదానిని, కొంటిమి. పట్టుగుడ్డలో చుట్టి ఇనుపబీరువాలో చీరల క్రింద దాచితిమి. మా కుమార్తెకు ఆఱేండ్ల యీడున, బొమ్మలు చూతమని దానిని నేలమీద తెఱచుకొని కూర్చుండగా, చేతిమీద కొట్టితిమి. ఆ బిడ్డకిప్పుడు పదునాఱేండ్లు. ఆ పుస్తకము జోలికి మఱల పోలేదు. ఇంగ్లీషు సాహిత్యమన్న నాకు విసుగని మొన్న వాళ్లమ్మతో చెప్పినదట.

గృహస్థు నింటినుండి వచ్చిన రాత్రి ఆ సంపుటమును తీసి భోజనపు బల్లమీద పెట్టి, "నీదే, చదువుకో" అంటిమి. ఆమె దూరమునుండియే చూచి, "చేతులు కడుక్కొని రావాలా నాన్నా?" అని యడిగినది. మాకు వెంటనే బదులు తోచలేదు.

ఇది వ్రాయునాటికి మూడు వారములైనది. పుస్తక మింకను బల్లమీదనే యున్నది. 'తుఫాను' నాటకము మొదటి పుటమీద గోంగూర మరక యొకటి పడినది. ఎవరిదో మేమడుగలేదు.