సాంకేతిక విద్యాధికారులకు బహిరంగ లేఖ

సాంకేతిక విద్యా శాఖ కమిషనర్ వారి సముఖమునకు,

ఆర్యా,

పాలిటెక్నిక్ విద్యార్థులు కడపటి సంవత్సరమున సమర్పించు ప్రాజెక్టులలో పెక్కు, వెనుకటి విద్యార్థుల నివేదికలనుండియే పుట్టుచున్నవను సంగతి తమకు తెలియనిది కాదు.

నిజమైన ఆవిష్కరణ ఎట్లు పుట్టునో తెలుపుటకు ఒక్క ఉదాహరణము చాలును. పోచంపల్లి చీరకు రంగు లద్దుటకు ముందు నూలును ఆసు పోయవలెను; అర్ధచంద్రాకారముగా నిలిపిన మేకులకును ఎదుటి మేకునకును నడుమ పోగును త్రిప్పుచు, ఒక్క చీరకు సుమారు 9 వేల పర్యాయములు చేయి ఆడింపవలసి యుండుటచేత, ఆ పని చేయు స్త్రీల భుజములు నొప్పులతో బిగుసుకొనిపోయెడివి. ఆలేరు ప్రాంతపు చింతకింది మల్లేశం, చిన్ననాడే బడి మానినవాడయ్యు, తల్లి లక్ష్మి పడుచున్న బాధను చూడజాలక, 1999 నాటికి ఆసుయంత్రమును సిద్ధపఱచి దానికి ఆమె పేరే పెట్టెను. 2017లో ఆయనకు పద్మశ్రీ లభించినది. యంత్రముపై కుతూహలముకంటె, కన్నతల్లి భుజము నొప్పి తీరవలెనను పట్టుదలయే ముందు పుట్టినది. మన పాఠ్యప్రణాళికలో కానరానిది, నా మట్టుకు, ఇదియే.

కావున ప్రతి విద్యార్థియు తా నెఱిగిన ఒక్క వ్యక్తికై, కీళ్లవాతముచే వ్రేళ్లు వంగిన అవ్వకు కత్తిపీటయో, చూపు మందగించిన తాతకు మాత్రల డబ్బాయో, ఒక నిత్యోపకరణమును మార్చి చేయునట్లు నిబంధన విధింపవలెను. ఆ అవ్వ దానిని వారము దినములు వాడి ఏమనెనో విచారించిన పిమ్మటనే మార్కులు వేయవలెను. పటములు ఎంత ముచ్చటగా నున్నను, ఆమె పెదవి విఱిచినచో మరల చేయింపవలసినదే! దీనికి వ్యయము స్వల్పము. రాబోవు విద్యాసంవత్సరమునుండియే ఉత్తరువు వెలువరింప ప్రార్థన.

ఇట్లు,
తమ విధేయుడు,
ఒక విశ్రాంతోపాధ్యాయుడు