అనుమతి గగనతలానికే.. కొండల జాగ్రత్త పైలెట్‌దే!

ఆత్మకూరు: నల్లమలలోని పావురాలగుట్ట గురించి జిల్లావాసులకు కొత్తగా చెప్పనక్కర్లేదు. 2009 సెప్టెంబరు 2న నాటి ముఖ్యమంత్రి వై.ఎస్‌.రాజశేఖరరెడ్డి ప్రయాణిస్తున్న బెల్‌-430 హెలికాప్టర్‌ అక్కడే కూలి, ఆయనతో సహా ఐదుగురు దుర్మరణం పాలయ్యారు. క్యుములోనింబస్‌ మేఘం నుంచి ఉధృతంగా కిందికి దిగిన గాలి ప్రవాహమే కారణమని విచారణ కమిటీ తేల్చింది. కనుక ఆ దుర్ఘటనను ఏటీసీ అనుమతితో ముడిపెట్టలేం. అయితే ఇలాంటి ప్రమాదం జరిగిన ప్రతిసారీ ‘ఏటీసీ అనుమతి ఇచ్చాక ఇలా ఎలా జరిగింది?’ అన్న ప్రశ్న తలెత్తుతూనే ఉంది.

పైలెట్‌ తన కంటిచూపుపై ఆధారపడి నడిపే ప్రయాణాలకు ‘విజువల్‌ ఫ్లైట్‌ రూల్స్‌’ (వీఎఫ్‌ఆర్‌) వర్తిస్తాయి. వీటికి ఏటీసీ ఇచ్చే క్లియరెన్స్‌ ప్రధానంగా గగనతలంలో ఇతర విమానాలతో చిక్కు రాకుండా చూసేందుకే. కొండను తప్పించే పూచీ అందులో లేదు. పరికరాల ఆధారంగా ఎగిరే విమానానికి రాడార్‌ ద్వారా దిశ నిర్దేశిస్తున్నప్పుడు మాత్రమే ఆ బాధ్యతను కంట్రోలర్‌ తీసుకుంటారు. అంతర్జాతీయ పౌర విమానయాన సంస్థ నిబంధనల సారాంశమిదే.

ఈ తేడా ఎంత ప్రాణాంతకమో 2020 జనవరి 26న అమెరికాలోని కలబసాస్‌లో రుజువైంది. బాస్కెట్‌బాల్‌ దిగ్గజం కోబీ బ్రయంట్‌ ప్రయాణిస్తున్న సికోర్‌స్కీ హెలికాప్టర్‌ను ఇతర విమానాల రద్దీ వల్ల గ్లెండేల్‌ వద్ద కొన్ని నిమిషాలు గాలిలోనే తిప్పారు. ఆపై బర్బాంక్‌ ఏటీసీ ‘స్పెషల్‌ వీఎఫ్‌ఆర్‌’ అనుమతినిచ్చింది. వెలుతురు మందగించినా, మేఘాల్లోకి వెళ్లకుండా విమానాశ్రయ పరిధిని దాటేందుకే ఈ వెసులుబాటు. అక్కడివరకు ప్రయాణం సాఫీగానే సాగింది. పరిధి దాటాక కొండలు, మంచు ఎదురయ్యాయి. రాడార్‌ సాయం కోరితే, మరీ తక్కువ ఎత్తులో ఉన్నారని కంట్రోలర్‌ బదులిచ్చారు. పైకి వెళ్తున్నామని పైలెట్‌ చెబుతుండగానే హెలికాప్టర్‌ కిందికి దిగసాగింది. తొమ్మిది మంది మరణించారు. కంటిచూపు నిబంధనలపై ఎగురుతూ మేఘంలోకి సాగిపోవాలన్న పైలెట్‌ నిర్ణయం, దానివల్ల దిక్కు తెలియకపోవడమే కారణమని దర్యాప్తు సంస్థ 2021లో ప్రకటించింది.

నల్లమల వంటి కొండల నడుమ తక్కువ ఎత్తులో వెళ్లే హెలికాప్టర్‌ రాడార్‌కు మరుగవుతుంది. అలాగని ముప్పు కొండలకే పరిమితం కాదు. 2002 మార్చి 3న లోక్‌సభ స్పీకర్‌ జి.ఎం.సి.బాలయోగి హెలికాప్టర్‌ కూలింది కైకలూరు వద్ద చేపల చెరువులో!

ప్రముఖుల పర్యటన అనగానే హెలిప్యాడ్‌, బందోబస్తు, దిగే సమయంపైనే యంత్రాంగం దృష్టి పెడుతుంది. దారిలో ఎత్తయిన కొండ ఏది, ఎక్కడ మేఘం అడ్డొస్తే వెనుదిరగాలి అన్నవి బయల్దేరక ముందే ఖరారు కావాలి. ఆ సంగతి వెనుక సీట్లోని నేతకూ ముందే చెప్పాలి.