గేర్‌బాక్స్ మీద నెపం

హెలికాప్టర్ కూలిందనగానే మన నోటికి రెండే మాటలు వస్తాయి. సాంకేతిక లోపం, లేదంటే కుట్ర. 2009 సెప్టెంబరు 2న నల్లమలలో ముఖ్యమంత్రి వై.ఎస్. రాజశేఖరరెడ్డి ఎక్కిన బెల్ 430 కూలి ఐదుగురు చనిపోయారు. ఈనాటికీ ఏ టీకొట్టు దగ్గర కదిపినా ఈ రెంటిలో ఒకటే వినిపిస్తుంది. కుట్ర మాట నాలుగు నెలలకే వీధికెక్కింది, దీని వెనక రిలయన్స్ ఉందన్న ఒక టీవీ కథనం నమ్మి ఆ సంస్థ దుకాణాల అద్దాలు పగలగొట్టారు. విద్రోహం లేదని దర్యాప్తు తేల్చింది, దాన్ని వదిలేద్దాం. నా పేచీ పెద్దమనిషిలా కనిపించే మొదటి మాటతోనే.

ఆ రోజు యంత్రం పేచీ పెట్టిన మాట నిజమే. పొద్దున 8.38కి బేగంపేటలో లేచి, చిత్తూరు జిల్లాలో రచ్చబండ కార్యక్రమానికి పోతుండగా గేర్‌బాక్స్ ఆయిల్ ప్రెషర్ సమస్య కనబడింది. మరి దర్యాప్తు నివేదిక ఏం చెప్పింది? కూలడానికి ముందు ఆరు నిమిషాలకు పైగా పైలట్లిద్దరి ధ్యాసా ఆ ఒక్క సమస్య మీదే ఉండిపోయింది. సూచనల పుస్తకంలో దానికి సంబంధించిన పేజీ కోసం వెతుకులాట. ఎదురుగా ఉరుముల మబ్బు. అందులోకి వెళ్లాక కిందికి తొక్కేసే గాలి పట్టుకుంది, అదుపు తప్పింది. గో అరౌండ్ (మళ్లీ పైకి లేపు) అంటూ కో-పైలట్ పెట్టిన కేకలు రికార్డులో మిగిలాయి. 9.27కి పావురాలగుట్ట మీద కూలింది. ఆయిల్ సమస్య మనుషుల కళ్లను దారి మీద నుంచి తప్పించింది, చంపింది మాత్రం మబ్బు.

ఇంజను ఆగితే హెలికాప్టర్ రాయిలా పడుతుందన్నది ఇంకో అపోహ. పిల్లలు తాటాకు గిరకకు తుమ్మముల్లు గుచ్చి పరుగెత్తితే అది గాలికే తిరగదూ? పైలట్ వెంటనే రెక్కల వాలు తగ్గిస్తే, దిగే వేగానికి కింది నుంచి తగిలే గాలి పై రెక్కల్ని అలాగే తిప్పుతుంది. మెల్లగా దిగవచ్చు. కాకపోతే దిగడానికి చదునైన నేల కావాలి, అది కంటికి కనబడాలి. అడవి మీద మొదటిది దొరకదు, మబ్బులో రెండోది దొరకదు. అందుకే వెనక్కి తిరగాలా వద్దా అన్నది చెట్లు మొదలుకాకముందే తేల్చుకోవాలి.

యంత్రమే చంపిన సందర్భాలు లేవా? ఉన్నాయి. అదే 2009 మార్చిలో కెనడా తీరానికి దూరంగా ఎస్-92 హెలికాప్టర్ గేర్‌బాక్స్‌కు ఫిల్టర్‌ను పట్టి ఉంచే టైటానియం బోల్టులు విరిగి, ఆయిలంతా కారిపోయింది. పదకొండు నిమిషాల్లో సముద్రంలో పడింది. 18 మందిలో ఒక్కరే బతికారు. కానీ అలాంటి బోల్టులే అంతకుముందు ఏడాది ఆస్ట్రేలియాలో విరిగాయి. మార్చుకోండని తయారీ సంస్థ చెప్పింది, దానికి ఏడాది గడువూ ఇచ్చింది. ఆ గడువు ఇచ్చింది బోల్టు కాదు కదా.

2021 డిసెంబరులో కూనూరు దగ్గర జనరల్ బిపిన్ రావత్ హెలికాప్టర్ చెట్లలో కూలినప్పుడూ ఇవే రెండు మాటలు. చనిపోయిన 14 మందిలో మన చిత్తూరు జిల్లా జవానూ ఉన్నాడు. చివరికి దర్యాప్తులో యంత్రం తప్పు లేదని తేలింది. మబ్బులోకి వెళ్లి, పైలట్‌కు దిక్కు తెలియక కొండను తాకిందన్నారు. ఆ మాట ఎంతమందికి చేరింది?

ఒకసారి దోర్నాల నుంచి శ్రీశైలం ఎక్కుతున్నాం. ఘాట్‌లో బస్సు వేడెక్కింది. డ్రైవరు పక్కకు తీసి ఆపేశాడు. దర్శనం టైము దాటిపోతోందని బస్సంతా గోల. నేనూ రెండు మాటలన్నాను, ఒప్పుకోవాలి. “ఇంజను సీజైతే మీరొచ్చి సమాధానం చెబుతారా?” అని అతను బీడీ ముట్టించుకుని రాయి మీద కూర్చున్నాడు. గంట కూర్చున్నాడు.

హెలికాప్టర్ పైలట్‌కు కూర్చోవడానికి ఆ రాయి ఉండదు. ఉన్నదల్లా లేవకముందు ‘కుదరదు’ అనగలగడం, లేచాక ‘వెనక్కి’ అనగలగడం. వెనక సీట్లో పెద్ద మనిషి ఉంటే, అవతల వేలమంది ఎండలో ఎదురుచూస్తుంటే, ఎవరూ తొందరపెట్టకపోయినా ఆ మాట గొంతులోనే ఆగిపోతుంది. కాదని పైలట్ చెప్పినరోజు మనమేం చేస్తాం? ఎన్నికలప్పుడు చూస్తూనే ఉన్నాం. వాతావరణం బాగాలేక నాయకుడి హెలికాప్టర్ లేవలేదని మైకులో చెప్పగానే ముందు వరసలోంచి వినబడేది ఒకటే: “కావాలనే ఆపేశార్రా!”