వేగానికి ఒక చోటు

నెల్లూరు నుంచి ఒక సోదరి రాసిన ఉత్తరం ఈ వారం నా బల్లమీద వుంది. ఆమె కుమారుడు చెన్నైలో ఇంజనీరింగు మూడో సంవత్సరం చదువుతున్నాడట. "వాడు మోటారు సైకిలు కొనుక్కున్ననాడే నా ప్రాణం సగం పోయింది. ఇప్పుడు ఆదివారంనాడు రేసు ట్రాకుమీద నడుపుతాను, డబ్బు పంపమంటున్నాడు. వాళ్ళ నాన్నగారు ఆ మాట చెవినపడగానే అన్నం ముందునుంచి లేచిపోయారు. పంపమంటారా, వద్దంటారా?" అని అడిగారామె.

ఇటువంటి ఉత్తరాలు నాకు కొత్త కాదు. మన జిల్లాలనుంచి చెన్నైకి చదువులకు వెళ్ళే పిల్లలకు లెక్కేమిటి? 1857లో వెలసిన మద్రాసు విశ్వవిద్యాలయం మొదలు గిండీ ఇంజనీరింగు కళాశాల, ఐ.ఐ.టి. వరకూ అక్కడ మనవాళ్ళు లేని చోటు లేదు. మార్కులెన్నని అడుగుతాం. హాస్టల్లో భోజనం బాగుందా అని అడుగుతాం. రాత్రి పది దాటాక వాడి బండి ఏ రోడ్డుమీద ఎంత వేగంతో పోతున్నదో మాత్రం అడగం. అడిగినా నిజం చెప్పేవాళ్ళు ఎందరు?

అందుచేత ట్రాకు సంగతి తరవాత, ముందు రోడ్డు సంగతి చెబుతాను. 2022లో మన దేశంలో రోడ్డు ప్రమాదాల్లో పోయినవారు 1,68,491 మంది అని కేంద్ర ప్రభుత్వ నివేదిక. వారిలో నూటికి 44 మందికి పైగా ద్విచక్ర వాహనాలమీద వున్నవారే. చావుల్లో నూటికి 71 అతి వేగం ఖాతాలోనే రాశారు. చెన్నైనుంచి మహాబలిపురం వైపు సముద్రం పక్కన సాగే ఈస్ట్ కోస్ట్ రోడ్డుమీద కుర్రాళ్ళు పందేలు వేసుకున్నారనీ, పోలీసులు బండ్లు పట్టుకున్నారనీ పేపర్లలో తరుచు చదువుతూనే వున్నాం. అనుమతి లేకుండా రోడ్డుమీద పందెం వెయ్యడం మోటారు వాహనాల చట్టం 189వ సెక్షను ప్రకారం నేరం. 2019 సవరణ తరవాత మొదటిసారి దొరికితే మూడు నెలలదాకా జైలు, లేదా అయిదువేలదాకా జరిమానా, లేదా రెండూ. పిల్లవాడికి పద్దెనిమిది నిండకపోతే బండి ఇచ్చిన పెద్దలే బోనెక్కవలసి వస్తుంది.

కుర్రవాడికి వేగంమీద మోజు వుండడం తప్పు కాదు. గాలిపటం ఎగరెయ్యాలనే సరదాలాంటిదే అదీను. మేడమీద పిట్టగోడ లేనిచోట ఎగరేస్తానంటే వద్దంటాం. మైదానానికి పొమ్మంటాం. వేగానికి కూడా ఒక మైదానం వుండాలి కదా.

చెన్నైకి ఆ మైదానం చాలాకాలంగా వుంది. మద్రాసు మోటార్ స్పోర్ట్స్ క్లబ్బు 1953లో పుట్టింది. ఆ రోజుల్లో రేసులు నగరానికి ఉత్తరాన షోలవరంలో జరిగేవి. రెండవ ప్రపంచ యుద్ధ కాలంలో విమానాలకోసం వేసిన రన్‌వే అది. యుద్ధం అయిపోయింది, విమానాలు వెళ్ళిపోయాయి, సిమెంటు బాట మిగిలింది. దానిమీదే ఏళ్ళ తరబడి కార్లూ, మోటారు సైకిళ్ళూ పరుగెత్తాయి. జనం తండోపతండాలుగా వెళ్ళి ఎండలో నిలబడి చూసేవారు. 1990 ప్రాంతాలనుంచి ఆ సందడి బెంగుళూరు దారిలో శ్రీపెరుంబుదూరు దగ్గర వున్న ఇరుంగాట్టుకోట్టైకి మారింది. అక్కడ క్లబ్బువారు సొంతంగా కట్టుకున్న ట్రాకు వుంది. చుట్టుకొలత 3.717 కిలోమీటర్లు, మలుపులు పన్నెండు.

మా అక్క కొడుకు చెన్నైలోనే చదువుకున్నాడు. రెండేళ్ళ కిందట వాడితో కలిసి నేనూ ఆ ట్రాకు చూసి వచ్చాను. పందెంలేని రోజు అది. ఇటువంటిదాన్ని 'ట్రాక్ డే' అంటారు. ఎవరి బండి వారు తెచ్చుకుని, రుసుము కట్టి, గెలుపు ఓటములు లేకుండా నడుపుకునే రోజన్నమాట.

నేననుకున్నట్టు గేటు తియ్యగానే బండ్లు దూకలేదు. మొదట తనిఖీ. బ్రేకులు, టైర్లు, చైను చూశారు. అద్దాలు విప్పించారు, దీపాలకు టేపు అంటించారు, పడితే గాజు ముక్కలు ట్రాకుమీద చిందకుండా. రేడియేటరులో రంగు ద్రవం బదులు మంచినీళ్ళు పొయ్యమన్నారు. ఆ ద్రవం కారితే వెనక వచ్చే బండి జారుతుందట. తరవాత మనిషికి తనిఖీ. ముఖమంతా కప్పే హెల్మెట్, తోలు సూటు, చేతులకు గ్లవ్స్, చీలమండ దాటిన బూట్లు, వెన్నుకు రక్ష. ఒక్కటి తక్కువైనా ఆ రోజుకి ప్రేక్షకుడే.

పిమ్మట అందరినీ కూర్చోబెట్టి పాఠం చెప్పారు. పసుపు జెండా చూపితే ముందు ప్రమాదం వుంది, ఎవరినీ దాటకూడదు. ఎర్రజెండా అయితే అందరూ మెల్లగా వెనక్కి రావాలి. నీలం జెండా అంటే నీ వెనక నీకంటె వేగంగా వచ్చేవాడు వున్నాడు. నల్లజెండా నీకే చూపితే నువ్వు బయటికి రావాలి. కొత్తవాళ్ళు, కాస్త తెలిసినవాళ్ళు, ఆరితేరినవాళ్ళు అని మూడు జట్లుగా విడదీసి, ఒక్కొక్క జట్టును పావుగంట, ఇరవై నిమిషాలు వదిలారు. అంబులెన్సు ఇంజను పక్కనే సిద్ధంగా వుంది. అది ఎవరినైనా తీసుకుని వెళ్ళిందంటే మళ్ళీ వచ్చేదాకా ట్రాకు మూసినట్టే.

నేను గోడ పక్కన నిలబడి చూస్తున్నాను. మావాడు గుండ్రంగా తిరిగి వచ్చి హెల్మెట్ తీసి, "పిన్నీ, ఇక్కడ ఎదురుగా లారీ రాదు" అన్నాడు.

ఎదురు లారీ లేదు. అడ్డం వచ్చే ఆవు లేదు. గుంట లేదు, ఇసుక లేదు, బడి పిల్లలు లేరు. అన్ని బండ్లూ ఒకే దిక్కుకి. అయినా ఎవరూ పడరని కాదు. మధ్యాహ్నం ఒక కుర్రవాడు మలుపులో జారి, బండి ఒకవైపు, తానొకవైపు దొర్లాడు. నా గుండె ఆగినంత పనైంది. పసుపు జెండాలు లేచాయి, తెల్లబట్టల మార్షల్ పరుగెత్తాడు. కుర్రవాడు లేచి, గీరుకుపోయిన తోలు సూటుమీద దుమ్ము దులుపుకుని నడిచి వచ్చాడు. అప్పటిదాకా వాగుతూనే వున్న మావాడు చాలాసేపు మాట్లాడలేదు. పదినిమిషాల తరవాత, "రోడ్డుమీదయితే అక్కడ స్తంభం వుండేది" అన్నాడు మెల్లగా.

ఆ రోజు అక్కడి శిక్షకుడు చెప్పిన లెక్క ఒకటి ప్రతి తండ్రీ కొడుక్కి చెప్పవలసింది. వేగం రెట్టింపైతే ఆగే దూరం రెట్టింపు కాదు, నాలుగింతలు. పొడి నేలమీద, మంచి టైర్లతో, గంటకు 60 కిలోమీటర్ల వేగంలో బ్రేకు పట్టాక సుమారు 20 మీటర్లలో ఆగే బండి, 120లో 80 మీటర్లు తీసుకుంటుంది. బ్రేకు పట్టాలని మనసుకు తోచి చెయ్యి కదిలేలోపల పోయే ఒక్క సెకనులోనే మరో 33 మీటర్లు. ట్రాకుమీద ఇది చేతికి తెలుస్తుంది. అందుకే అక్కడ మొదట నేర్పేది వేగంగా పోవడం కాదు, ఎప్పుడు తగ్గించాలో. మలుపుకి ముందే బ్రేకు పట్టి, బయటి అంచునుంచి లోపలికి తిరిగి, మళ్ళీ బయటికి సాగడం. ఈ చదువు ఒంటబట్టినవాడికి రోడ్డుమీద హడావుడి చెయ్యబుద్ధి పుట్టదని చాలామంది పెద్ద రేసర్లు చెబుతారు. మావాడి విషయంలో అది నిజమే అయింది. అందరి విషయంలోనూ అవుతుందని నేను హామీ ఇవ్వలేను.

ఇంత చెప్పి రెండోవైపు దాచడం న్యాయం కాదు. ఇదే ఇరుంగాట్టుకోట్టై ట్రాకుమీద 2023 జనవరిలో ఎన్నో ఏళ్ళ అనుభవం వున్న 59 ఏళ్ళ రేసరు కారు ప్రమాదంలో పోయారు. అదే సంవత్సరం ఆగస్టులో మోటారు సైకిలు పందెంలో పదమూడేళ్ళ పిల్లవాడు పోయాడు. ఆ తల్లిదండ్రుల సంగతి తలుచుకుంటే ఈ కలం సాగదు. రెండూ పందెంలో జరిగినవే. పందెంవేరు, ట్రాక్ డే వేరు. ఎదటివాణ్ణి దాటాలనే పట్టుదల వున్నచోట ప్రమాదం వుంటుంది. ట్రాకు ప్రమాదాన్ని తగ్గిస్తుంది, తీసెయ్యదు. ఇది తెలిసే పంపాలి.

డబ్బు విషయం. రుసుము ఒక్కటే ఖర్చు కాదు. తోలు సూటు, బూట్లు కొంటే బండి ఖరీదులో మంచి భాగం పోతుంది. కొన్నిచోట్ల అద్దెకు దొరుకుతాయి, మొదట అదే మేలు. టైర్లు, బ్రేకు ప్యాడ్లు త్వరగా అరిగిపోతాయి. ఇంకొక ముఖ్య విషయం, మన మామూలు మోటారు ఇన్సూరెన్సు పాలసీలలో రేసులకూ, వేగ పరీక్షలకూ వర్తించదని షరతు వుంటుంది. ట్రాకుమీద బండి విరిగితే ఆ ఖర్చు మనదే. మనిషికి ప్రమాద బీమా వుందా, అది ఇటువంటి ఆటలకు వర్తిస్తుందా అన్నది కాగితం చదివి తెలుసుకోవాలి.

ఇంత ఖర్చు మోయలేనివారికీ, ఇంత వేగం వద్దనుకునేవారికీ వేరే దారులు లేకపోలేదు. మొదటిది కార్టింగు. నేలకు జానెడెత్తులో వుండే చిన్న బండి, గేర్ల బాధ లేదు. రేసర్లలో చాలామంది ఓనమాలు దిద్దింది దానిమీదనే. రెండోది కాలం, వేగం, దూరం లెక్కమీద నడిచే ర్యాలీ. మామూలు రోడ్డుమీద, చట్టం ఒప్పుకున్న వేగంలోనే, ఇచ్చిన సగటు తప్పకుండా సాగాలి. ఆలస్యంగా వచ్చినా మార్కులు పోతాయి, ముందుగా వచ్చినా పోతాయి! ఒకరు నడపాలి, పక్కన కూర్చున్నవారు దారీ, లెక్కా చూడాలి. ఆ రెండో ఉద్యోగం మన ఇళ్ళల్లో ఇల్లాళ్ళు ఎప్పటినుంచో జీతం లేకుండా చేస్తున్నదే. మూడోది మార్షల్‌గా చేరడం. జెండా పట్టుకుని మలుపు దగ్గర నిలబడేవారికి క్లబ్బులు శిక్షణ ఇస్తాయి. ట్రాకుకి అతి దగ్గరగా వుండి, పైసా ఖర్చు లేకుండా ఆట నేర్చుకునే మార్గం ఇదే.

ఇంజనీరింగు పిల్లలకు నాలుగోది మరీ మంచిది. ఒంటరిగా కూర్చునే చిన్న రేసు కారును విద్యార్థులే గీసి, లెక్కలు వేసి, వెల్డింగు చేసి తయారుచెయ్యాలి. 1981లో అమెరికాలో మొదలైన ఈ పోటీల పద్ధతి మన దేశానికీ వచ్చింది. ఫార్ములా భారత్ అనే పోటీ కోయంబత్తూరు దగ్గర చెట్టిపాళయంలోని కరి మోటార్ స్పీడ్‌వేమీద జరుగుతూ వచ్చింది. మద్రాసు ఐ.ఐ.టి. పిల్లల జట్టు పేరు రఫ్తార్. ఇటువంటి పోటీల్లో సుమారు మూడోవంతు మార్కులు బండి చక్రం కదలకముందే పడతాయి. కారు ఎందుకిలా గీశావు, దీనికెంత ఖర్చైంది, దీన్ని ఎలా అమ్ముతావు అని పరీక్షకులు అడుగుతారు. తల్లిదండ్రులకు ఇంతకన్నా నచ్చే ఆట ఏముంటుంది? ఆ ట్రాకుకి పేరు లక్ష్మీ మిల్లుల కుటుంబంలో పుట్టిన కరివర్ధన్‌మీద పెట్టారు. మారుతీ ఇంజనుతో తక్కువ ఖర్చులో రేసు కారు తయారుచేసి, మామూలు కుర్రాళ్ళకు ఈ ఆటను అందుబాటులోకి తెచ్చినవారాయన. అటువంటి ఫార్ములా మారుతీ కార్లతో మొదలుపెట్టిన కోయంబత్తూరు కుర్రవాడు నారాయణ్ కార్తికేయన్, 2005లో ఫార్ములా వన్‌లో నడిపిన మొదటి భారతీయుడయ్యాడు.

అమ్మాయిలకు ఇది పనికిరాదని ఎవరైనా అంటే, బెంగుళూరు అమ్మాయి ఐశ్వర్య పిస్సె 2019లో మోటారు సైకిళ్ళ బాహా ప్రపంచకప్పులో మహిళల విభాగం గెలిచిందని చెప్పండి.

2023 ఫిబ్రవరిలో హైదరాబాదు హుస్సేన్‌సాగరు ఒడ్డున విద్యుత్తు కార్ల ఫార్ములా ఈ రేసు జరిగినప్పుడు మన పిల్లలు కళ్ళప్పగించి చూశారు. నిజమే, అది నగరం నడిబొడ్డు రోడ్డే. కాని దాన్ని కంచెలతో కట్టి, జనాన్ని ఆపి, వైద్యుల్ని నిలబెట్టి ట్రాకుగా మార్చారు. కంచెలు తియ్యగానే అది మళ్ళీ బస్సులూ, ఆటోలూ తిరిగే రోడ్డే. ఈ తేడా పిల్లలకు విప్పి చెప్పవలసింది మనమే.

ఇక నెల్లూరు సోదరికి నా జవాబు. డబ్బు పంపే ముందు నాలుగు మాటలు అడగండి. నిర్వాహకులు ఎవరు, భారత మోటార్ స్పోర్ట్స్ క్లబ్బుల సమాఖ్య గుర్తింపు వున్నవారేనా? కొత్తవారికి విడిగా జట్టూ, శిక్షకుడూ వున్నారా? అంబులెన్సు, వైద్యుడు రోజంతా వుంటారా? సూటూ, బూట్లూ ఎక్కడివి? నాలుగింటికీ సరయిన జవాబు వస్తే పంపండి. ప్రతిగా వాడిదగ్గర ఒక్క మాట తీసుకోండి, రోడ్డుమీద ఎవరితోనూ పందెం వెయ్యనని. వీలైతే ఆ ఆదివారం వాళ్ళ నాన్నగారిని కూడా రైలెక్కించండి. అన్నం ముందునుంచి లేచిపోయిన మనిషి ట్రాకు గోడ పక్కన ఒక పూట నిలబడితే, కొడుకుతో మాట్లాడడానికి ఆయనకు కొత్త విషయం ఒకటి దొరుకుతుంది. ఆ మాటలు మొదలైతే, రాత్రి పది దాటాక బండి ఎక్కడుందన్న ప్రశ్నకు వాడు నిజం చెప్పే రోజు కూడా వస్తుంది.