పాస్టరుగారి చేత రాజీనామా రాయించే ముందు

తమిళనాడులో వెంబకోట్టై, సాత్తూరు, కోవిల్‌పట్టి వైపు ఇంట్లో తెలుగు, చర్చిలో తమిళం మాట్లాడుకునే మన క్రైస్తవ కుటుంబాలకూ, ఆంధ్ర, తెలంగాణల్లోని సంఘ పెద్దలకూ ఈ విజ్ఞప్తి.

మన సంఘాల్లో తగవులు కొత్త కాదు. కమిటీ ఎన్నికలు, స్కూలు ఉద్యోగాలు, స్థలాలు, కులం, ఏదో ఒకటి రాజుకుంటూనే ఉంటుంది. 2023 జూన్‌లో పాళయంకోట్టైలోని తిరునెల్వేలి డయాసిస్ కార్యాలయంలోనే ఒక బోధకుణ్ణి కొట్టారు. అప్పటి పార్లమెంటు సభ్యుడితో సహా పలువురి మీద కేసు పెట్టారు. 2024లో సీఎస్‌ఐ (దక్షిణ ఇండియా సంఘం) సినడ్ వ్యవహారాలు చూడటానికి మద్రాసు హైకోర్టు ఇద్దరు విశ్రాంత న్యాయమూర్తులను నియమించాల్సి వచ్చింది. పైన జరిగేది పేపర్లలో వస్తుంది. కింద, చిన్న ఊళ్ళో, పాస్టరుగారిని రాత్రిపూట మీటింగుకు పిలిచి ‘నా ఇష్టంతోనే తప్పుకుంటున్నాను’ అని సంతకం పెట్టించేది ఎక్కడా రాదు.

ఆ సంతకంతో ఏమేం పోతాయో ఒకసారి ఆలోచించండి. జీతం పోతుంది. ఉంటున్న ఇల్లు సంఘానిది కాబట్టి అదీ పోతుంది. పిల్లల చదువు సగంలో ఆగుతుంది. పాస్టరమ్మగారు నడిపే స్త్రీల సమాజం, వాళ్ళ ఇరుగుపొరుగు, స్నేహాలు, అన్నీ ఆ సంఘంలోనివే. కష్టం వస్తే మనం పాస్టరు దగ్గరికి వెళ్తాం. ఆయన ఎవరి దగ్గరికి వెళ్ళాలి? కమిటీ సభ్యుడికి చెప్పుకుంటే ఊరంతా తెలుస్తుంది. బిషప్‌గారికి చెప్పుకుందామంటే బదిలీ ఆయన చేతిలోనే ఉంది. నిద్ర పట్టదు. ఆదివారం ప్రసంగ వేదిక ఎక్కాలంటే గుండె దడ. ప్రార్థన చేయలేకపోతున్నానని భార్యతో కూడా అనలేడు, అది తన విశ్వాసానికే మచ్చ అనుకుంటాడు.

అమెరికాలో దీని మీద పరిశోధన జరిగింది. 2012లో వెలువడిన ఒక అధ్యయనంలో, సర్వేలో పాల్గొన్న పాస్టర్లలో 28 శాతం మంది ఎప్పుడో ఒకప్పుడు తమను బలవంతంగా పంపేశారని చెప్పారు. వెళ్ళగొట్టింది చాలాచోట్ల సంఘమంతా కాదు, కొద్దిమంది ముఠా. మిగతావాళ్ళు ఊరుకున్నారు. ఆ ఊరుకున్నవాళ్ళ కోసమే నేను ముఖ్యంగా రాస్తున్నాను.

మన ప్రాంతంలో పాస్టరు పని ఎంత బరువైనదో బయటివాళ్ళకు తెలియదు. 2024 ఫిబ్రవరి 17న వెంబకోట్టై దగ్గర రాముదేవన్‌పట్టి బాణసంచా ఫ్యాక్టరీలో పేలుడు జరిగి పదిమంది చనిపోయారు. ఇలాంటి ఊళ్ళ మధ్య పనిచేసే పాస్టరుకు ఆసుపత్రి, సమాధులతోట, తల్లి పోయిన పిల్లల ఇల్లు ఎప్పుడూ ఎదురయ్యేవే. ఆ దుఃఖమంతా మోసే మనిషిని మన కక్షలకు బలిపెట్టడం అన్యాయం.

తప్పు చేసిన పాస్టరును వెనకేసుకురమ్మని నేను అడగడం లేదు. డబ్బు తిన్నా, ఆడవాళ్ళతో, పిల్లలతో చెడుగా ప్రవర్తించినా విచారణ జరగాలి, నేరమైతే పోలీసుల దగ్గరికి వెళ్ళాలి. నిజానికి గుట్టుగా రాయించుకునే రాజీనామా అలాంటివాడికే మేలు చేస్తుంది, ఏమీ జరగనట్టు ఇంకో ఊరు చేరతాడు. నిర్దోషికి మాత్రం జీవితాంతం మచ్చ మిగులుతుంది. మత్తయి సువార్త 18వ అధ్యాయం చెప్పిన వరస మనకు తెలియనిది కాదు: ముందు ఒంటరిగా మాట్లాడాలి, తర్వాత ఒకరిద్దరిని సాక్షులుగా వెంటబెట్టుకుని, ఆ తర్వాతే సంఘం ముందు. మనం మొదటి రెండు మెట్లూ వదిలేసి మూడోదానితో మొదలుపెడుతున్నాం.

పాస్టరు మీద ఫిర్యాదు ఉంటే రాతలో ఇవ్వండి, దాని కాపీ ఆయనకూ ఇవ్వండి. ఆ తగవుతో సంబంధం లేని పెద్దలే వినాలి. సంతకం అడిగితే ఆలోచించుకోవడానికి కొన్ని రోజులైనా గడువు ఉండాలి. వెళ్ళిపోవలసే వస్తే పిల్లల పరీక్షలు అయ్యేదాకా ఇల్లు, కనీసం మూడు నెలల జీతం ఇవ్వండి. డయాసిస్ పెద్దలకు ఇంకో మాట: బదిలీతో, క్రమశిక్షణతో సంబంధం లేని ఒక కౌన్సెలర్‌ను పాస్టర్లకూ వాళ్ళ భార్యలకూ అందుబాటులో ఉంచండి. అంతవరకు ప్రభుత్వ టెలీ మానస్ నంబరు 14416 ఉంది, తెలుగులోనూ తమిళంలోనూ మాట్లాడవచ్చు. పాస్టరుగారూ, దానికి ఫోన్ చేయడం విశ్వాసం లేకపోవడం కాదు. బదరీ వృక్షం కింద చావు కోరుకున్న ఏలీయాను దేవుడు గద్దించలేదు, ముందు తిండి పెట్టించి నిద్రపోనిచ్చాడు.

తిరునెల్వేలి సీమలోని వెళ్ళాలన్‌విళైలో 1874లో పుట్టిన అజరయ్యగారు తెలుగు నేర్చుకుని దోర్నకల్‌లో సేవ చేశారు, 1912లో దోర్నకల్ బిషప్ అయ్యారు. 1910లో ఎడిన్‌బరో ప్రపంచ మిషనరీ మహాసభలో ఆయన తెల్లజాతి మిషనరీలను అడిగింది దానం కాదు, స్నేహం. మన పాస్టర్లకూ ఇవాళ కావలసింది అదే. వచ్చే కమిటీ మీటింగులో, పాస్టరు మీద ఏ తగవూ లేనప్పుడే, పైన చెప్పిన నియమాలు తీర్మానంగా రాసి మినిట్స్ పుస్తకంలో ఎక్కించండి. ఎవరి మీదో మీటింగు పెడుతున్నారని వినగానే లేచి, ఫిర్యాదు రాతలో ఉందా అని అడగండి.