శాస్త్రపాఠం మన పలుకులో సాగాలి

శ్రీహరికోట నుండి రాకెట్టు లేచినప్పుడు గుమ్మిడిపూండి ప్రాంతంలోనూ, పులికాటు సరస్సు తీరంలోనూ ఉన్న పల్లెల వారికి మొదట మంట కనబడుతుంది. ఉరుము వంటి ధ్వని ఆ తరువాత చేరుతుంది. వెలుగు సెకనుకు సుమారు మూడు లక్షల కిలోమీటర్లు ప్రయాణిస్తుంది. ధ్వని గాలిలో సెకనుకు దాదాపు 340 మీటర్లు మాత్రమే పోగలదు. కనుక 30 కిలోమీటర్ల దూరాన నిలుచున్నవారికి ధ్వని అందడానికి నిమిషంన్నర పడుతుంది. కళ్ళెదుట జరిగే ఇంతటి విశేషం కూడా మన బిడ్డలలో చాలామందికి పరీక్ష కోసం వల్లించే పరాయి పాఠంగానే మిగిలిపోతున్నది.

ఇది బిడ్డ తెలివికి సంబంధించిన లోపం కాదు. తమిళ మాధ్యమ పాఠ్యపుస్తకంలో వెలుగుకు పేరు 'ఒళి', ధ్వనికి పేరు 'ఒలి'. రెంటికీ ఒక్క అక్షరమే భేదం. ఇంట తెలుగు పలికే పిల్లవానికి తరగతిలో ఆ భేదం చెవికి అందకపోతే పాఠం మొత్తం తలక్రిందులవుతుంది. కిరణజన్య సంయోగక్రియ అక్కడ 'ఒళిచ్చేర్‌క్కై' అవుతుంది. భావం తెలిసిన బిడ్డకు ఆ పేరు నేర్చుకోవడం ఒక పూట పని. భావమే అందని బిడ్డకు అది ఏడాది పొడుగునా మోయవలసిన బరువు.

2011 జనాభా లెక్కల ప్రకారం తమిళనాడులో తెలుగు మాతృభాషగా నమోదైనవారు సుమారు 42 లక్షలు. ప్రాథమిక దశలో భాషాల్పసంఖ్యాక వర్గాల పిల్లలకు మాతృభాషలో బోధనకు తగిన సౌకర్యాలు కల్పించాలని రాజ్యాంగం 350-ఎ అధికరణం నిర్దేశిస్తున్నది. బోధనా మాధ్యమం సాధ్యమైనంతవరకు బిడ్డ మాతృభాషే కావాలని 2009 విద్యాహక్కు చట్టం 29వ విభాగం చెబుతున్నది. ఈ హక్కుల కోసం వినతిపత్రాలు ఇస్తూనే ఉండాలి, న్యాయస్థానాల తలుపులు తడుతూనే ఉండాలి. అయితే వ్యాజ్యం తేలేలోపు బిడ్డ తరగతులు దాటిపోతాడు. ఆ నడుమ కాలంలో మనం చేయగలిగిన పని ఒకటున్నది. మన పలుకులో చిన్న చిన్న శాస్త్ర వీడియోలను మనమే తయారుచేసుకోవాలి.

అమెరికాలో సల్మాన్ ఖాన్ అనే యువకుడు 2004లో దూరాన ఉన్న తన బంధువుల అమ్మాయికి లెక్కలు చెప్పడం ఆరంభించి, 2006 నుండి ఆ పాఠాలను యూట్యూబులో ఉంచాడు. ఖాన్ అకాడమీకి అదే మొదలు. దానికి పెట్టుబడి ఓపికే. ఈనాడు మన ఇళ్ళలో ఉన్న సెల్‌ఫోను ఆనాటి పరికరాలకు ఏమాత్రం తీసిపోదు.

పైన చెప్పిన వెలుగు–ధ్వనుల పాఠాన్నే తీసుకుందాం. కోత అయిన పొలంలో ఒకరు డప్పు పట్టుకొని 340 మీటర్ల దూరాన నిలబడాలి. ఇవతల ఫోనుతో చిత్రీకరించాలి. కర్ర డప్పుపై పడటం ముందు కనిపిస్తుంది. శబ్దం ఒక సెకను ఆలస్యంగా వినిపిస్తుంది. బొమ్మలు గీయనక్కరలేదు, ప్రయోగశాల అక్కరలేదు. ఒక వీడియోకు ఒకే భావం, నాలుగైదు నిమిషాల నిడివి చాలు. ముందు జరిగినది చూపాలి. ఎందుకు జరిగిందో బిడ్డనే ఊహించనివ్వాలి. ఆపై ఇంటి తెలుగులో కారణం చెప్పాలి. చివరగా ఆ భావానికి తెలుగు పేరు, తమిళ పేరు, ఆంగ్ల నామం వరుసగా రాసి, పలికి చూపాలి. ఈ చివరి మెట్టును వదలరాదు. ఆంధ్ర, తెలంగాణల నుండి వచ్చే తెలుగు పాఠాలు మనకు ఎంతో మేలు చేసేవే అయినా, మన బిడ్డ పరీక్షలో రాయవలసిన తమిళ పదాన్ని అవి చెప్పవు. ఆ వంతెనను సరిహద్దువాసులమైన మనమే కట్టుకోవాలి.

న్యాయవాదిగా రెండు జాగ్రత్తలు చెబుతాను. ఇతరుల వీడియోలను, పుస్తకాలలోని చిత్రాలను తెచ్చి అతికించకండి, మీరు తీసిన దృశ్యాలనే వాడండి. తల్లిదండ్రుల అనుమతి లేనిదే ఏ బిడ్డ ముఖాన్నీ, పేరునూ బయటపెట్టకండి. ఇక విషయం తప్పుపోకుండా, పంచే ముందు ఊరిలోని విజ్ఞానశాస్త్ర ఉపాధ్యాయునికి ఒకసారి చూపించండి.

ఇది తమిళానికి వ్యతిరేకమా అని కొందరు అడగవచ్చు. కాదు. భావం మాతృభాషలో స్థిరపడిన బిడ్డ తమిళంలోనూ బాగా రాయగలడు. మరి ప్రభుత్వం తన బాధ్యత నుండి తప్పుకోవడానికి ఇది సాకు కాదా అన్న ప్రశ్న ఇంకా బలమైనది. అందుచేతనే స్పష్టంగా చెప్పుకోవాలి: వీడియో ఉపాధ్యాయునికి ప్రత్యామ్నాయం కాదు. బిడ్డ సందేహానికి అది బదులివ్వలేదు. తెలుగు ఉపాధ్యాయ నియామకాల కోసం, తెలుగు పాఠ్యపుస్తకాల కోసం మనం అడగడం ఒక్కనాడు కూడా ఆగరాదు.

మద్రాసు తెలుగువారికి ఈ పని కొత్త కాదు. 1906లో హైదరాబాదులో కొమర్రాజు లక్ష్మణరావు ప్రభృతులు స్థాపించిన విజ్ఞాన చంద్రికా మండలి, తరువాత మద్రాసుకు తరలి వచ్చి శాస్త్ర గ్రంథాలను తెలుగులో వెలువరించింది. ఆంగ్లం రానివారికి శాస్త్రం అందకూడదా అన్న ప్రశ్నకు ఆనాటివారు అచ్చుయంత్రంతో సమాధానమిచ్చారు.

తిరుత్తణి, పళ్ళిపట్టు, గుమ్మిడిపూండి, హోసూరు ప్రాంతాల తల్లిదండ్రులకూ, యువకులకూ నా మనవి ఇది. ఊరికొక చిన్న బృందంగా కూడండి. ఈ నెలలో ఒక్క పాఠం తీయండి. పక్క ఊరికి పంపండి, వారి పాఠం అడిగి తెచ్చుకోండి. పన్నెండు ఊళ్ళు నెలకొకటి తీస్తే ఏడాదికి నూట నలభై నాలుగు పాఠాలు. హక్కు కోసం నిలిచే చేతులే అక్షరం కోసం కూడా పనిచేస్తున్నాయని తెలిసిననాడు మన మాటకు కార్యాలయాలలోనూ, న్యాయస్థానాలలోనూ విలువ పెరుగుతుంది.