డెక్కు మీద పాత రంగు: గీకాలా, కప్పెయ్యాలా?

ఏప్రిల్ ఆఖరుకొచ్చేసరికి ఇక్కడ నార్త్ కరోలినాలో పుప్పొడి గొడవ కాస్త తగ్గుతుంది, ఎండ ముదురుతుంది, మన తెలుగువాళ్ళ వాట్సాప్ గ్రూపుల్లో ఒకటే ప్రశ్న మొదలవుతుంది. "డెక్కుకి స్టెయిన్ వేయించాలి, తక్కువలో చేసే పనివాడెవరన్నా ఉన్నారా?" దానికింద నాలుగు ఫోన్ నెంబర్లు, పది "నాక్కూడా పంపండి"లు. ఉన్న పాత స్టెయిన్‌ని ఏం చేస్తారని మాత్రం ఒక్కరూ అడగరు.

ఇండియాలో ఉన్నవాళ్ళ కోసం ఒక ముక్క. డెక్కు అంటే ఇంటి వెనకాల, నేలకి ఎత్తుగా, కింద దూలాలు పెట్టి పైన చెక్కలు పరిచి కట్టే అరుగులాంటిది. మన అరుగుకీ దీనికీ తేడా ఏంటంటే, అరుగు రాయి, ఇది చెక్క. పైన కప్పుండదు. ఎండా, వానా, మంచూ అన్నీ దానిమీదే.

నా అభిప్రాయం సూటిగా చెప్పేస్తాను. పాత రంగు తియ్యకుండా పైన కొత్తది పూయించడం కన్నా, అసలేమీ పూయకుండా వదిలెయ్యడం మేలు. అయితే ఒక రకం డెక్కుల్ని మాత్రం గీకనే కూడదు. ఆ తేడా తెలియకుండా పని మొదలెడితే పోయేది డబ్బులు మాత్రమే కాదు, ఆరోగ్యం కూడా.

ముందు మొదటి సంగతి. పండక్కి ఇంటికి సున్నం వేయించిన ప్రతివాళ్ళకీ తెలిసిందే ఇది. పెచ్చులు గీకకుండా వెల్ల వేస్తే కొత్త వెల్ల కూడా పాత పెచ్చులతో కలిసి ఊడొస్తుంది. ఎందుకంటే కొత్త పొర గోడని పట్టుకోలేదు, ఊడటానికి రెడీగా ఉన్న పాత పొరని పట్టుకుంది. చెక్క దగ్గర ఇది ఇంకా అన్యాయం. గోడ కదలదు, చెక్క కదులుతుంది. తడిస్తే అడ్డంగా ఉబ్బుతుంది, ఎండితే ముడుచుకుంటుంది. పైనున్న పొర ఆ కదలికకి తట్టుకోలేక చిట్లుతుంది. ఆ చిట్లిన సందులోంచి నీళ్ళు లోపలికెళ్తాయి. వెళ్ళడం తేలికే, పైన పొర ఉంది కాబట్టి ఆరి బయటికి రావడం కష్టం. ఒకటికి మూడు పొరలుంటే కష్టం మూడింతలు. పైన పటారం, లోన లొటారం అంటే ఇదే.

స్టెయిన్లు ప్రధానంగా రెండు రకాలు. ఒకటి చెక్కలోకి ఇంకేది, కింద చెక్క గీతలు కనిపిస్తూనే ఉంటాయి. రెండోది 'సాలిడ్' స్టెయిన్, పేరుకి స్టెయినే గానీ పనికి పల్చటి పెయింటు. ఇంకే రకం పని చెయ్యాలంటే చెక్క దాన్ని పీల్చుకోవాలి. మధ్యలో పాత పొర అడ్డుంటే ఏం పీల్చుకుంటుంది? చెక్క తాగుతుందో లేదో తెలుసుకోడానికి పెద్ద పరికరాలేం అక్కర్లేదు. నాలుగు చుక్కలు నీళ్ళు చల్లండి. కొద్ది నిమిషాల్లో ఇంకిపోతే చెక్క సిద్ధంగా ఉంది. తామరాకు మీద నీటిబొట్టులా నిలబడితే పాత పూత ఇంకా కూర్చునుంది అని అర్థం.

"పూత ఎప్పుడో పోయిందిలే, చెక్క బూడిదరంగులోకి వచ్చేసింది" అంటారు కొందరు. ఆ బూడిదరంగు కూడా ఒక పొరే. ఎండలోని అతినీలలోహిత కిరణాలు చెక్కలో పీచుల్ని పట్టి ఉంచే లిగ్నిన్ అనే జిగురుని విరగ్గొడతాయి. పైన మిగిలేది వదులైపోయిన పీచు. విస్కాన్సిన్‌లోని మాడిసన్‌లో 1910 నుంచీ ఫారెస్ట్ ప్రొడక్ట్స్ లేబొరేటరీ అని అమెరికా అటవీశాఖ వాళ్ళ పరిశోధనశాల ఉంది. చెక్కని పూత లేకుండా కొన్ని వారాలు ఎండలో వదిలేసినా, తర్వాత వేసే పెయింటు పట్టు తగ్గుతుందని వాళ్ళు ఎప్పుడో తేల్చారు. కాబట్టి ఆ పీచు కూడా పోవాల్సిందే.

సరే, తియ్యడం ఎలా? నేను మా సీనియర్ ఒకాయన ఇంట్లో మూడు వారాంతాలు ఈ పనిలో చెయ్యి కలిపాను. 2011లో కట్టిన డెక్కు, ఒత్తిడితో మందెక్కించిన పైన్ చెక్క, దాని మీద రెండు సార్లు వేసిన స్టెయిను. అర్థమైన వరుస ఇది.

డెక్ క్లీనరూ, డెక్ స్ట్రిప్పరూ ఒకటి కాదు. క్లీనర్లలో మామూలుగా ఉండేది సోడియం పర్‌కార్బొనేట్, అది మట్టీ నాచూ బూడిదరంగూ పోగొడుతుంది. రంగుని తీసేది స్ట్రిప్పర్. చాలా స్ట్రిప్పర్లలో ఉండేది సోడియం హైడ్రాక్సైడ్, అంటే మన సబ్బుల తయారీలో వాడే కాస్టిక్ సోడానే. కళ్ళకి అద్దాలు, చేతులకి పొడుగు రబ్బరు తొడుగులు తప్పనిసరి. అల్యూమినియంని ఇది తినేస్తుంది, కాబట్టి ఆ రైలింగులూ తలుపు ఫ్రేములూ కప్పి పెట్టాలి. చుట్టూ ఉన్న మొక్కల్ని ముందే నీళ్ళతో బాగా తడిపి, పని అయ్యాక మళ్ళీ కడగాలి. మబ్బుపట్టిన రోజు చూసుకోండి. మందు చెక్కమీదే ఎండిపోతే పని చెయ్యదు. డబ్బా మీద రాసినంత సేపు తడిగా ఉంచి, గట్టి నైలాన్ బ్రష్షుతో రుద్ది కడగాలి. ఇనుప బ్రష్షు వద్దు. విరిగిన తీగ ముక్కలు చెక్కలో ఇరుక్కుని, తుప్పు పట్టి నల్లమచ్చలు పెడతాయి.

ప్రెజర్ వాషర్ దగ్గర మగాళ్ళందరికీ పూనకం వస్తుంది. మెత్తటి పైన్ చెక్కకి దాని పూర్తి బలం అక్కర్లేదు. 1000 పీఎస్ఐకి అటూ ఇటూగా, విసనకర్రలా పరుచుకునే నాజిల్‌తో, అడుగు దూరం నుంచి చాలు. చెక్కమీద పీచు లేచి గీతలు పడ్డాయంటే రంగు పోవట్లేదు, చెక్క పోతోంది.

కాస్టిక్ సోడా తగిలాక చెక్క నల్లబడుతుంది. భయపడక్కర్లేదు. ఆక్సాలిక్ ఆమ్లం ఉన్న 'బ్రైటెనర్' చల్లితే ఆ క్షారం చల్లబడి చెక్కకి అసలు రంగు వస్తుంది. మన చుక్కకూరలో, పాలకూరలో ఉండే ఆమ్లమే ఇది. కాకపోతే ఇక్కడ ఘాటు చాలా ఎక్కువ, కూరాకు కదా అని చేత్తో ముట్టుకోకండి :) క్లోరిన్ బ్లీచ్‌ని మాత్రం ఏ ఆమ్లంతోనూ కలపొద్దు, విషవాయువు పుడుతుంది.

తర్వాత కనీసం రెండు రోజులు వానలేకుండా ఆరాలి. మిగిలిన పీచుకి 60 లేదా 80 నెంబరు ఉప్పుకాగితం. అంతకన్నా నున్నగా రుద్దితే చెక్క స్టెయిన్‌ని సరిగ్గా పీల్చుకోదు. సాలిడ్ స్టెయిన్ అయితే ఈ కాస్టిక్ సోడాకి చాలాసార్లు లొంగదు. అప్పుడు సాండింగ్ మెషీనే గతి, లేదా చెక్కలు బాగుంటే ఊడదీసి తిరగేసి బిగించడం. మిథిలీన్ క్లోరైడ్ ఉన్న పెయింట్ రిమూవర్లను ఇళ్ళల్లో వాడుకోడానికి అమ్మకుండా ఈపీఏ 2019లో ఆపేసింది. గ్యారేజీలో పాత డబ్బా ఏదన్నా మిగిలుంటే దాని జోలికి పోకండి.

నూనె స్టెయిన్ తుడిచిన గుడ్డల్ని ఉండచుట్టి చెత్తబుట్టలో పడెయ్యకండి. నూనె ఆరేటప్పుడు వేడి పుట్టి వాటంతటవే అంటుకుంటాయి. 1991 ఫిబ్రవరిలో ఫిలడెల్ఫియాలో వన్ మెరిడియన్ ప్లాజా అనే 38 అంతస్తుల భవనం తగలబడింది ఇలాంటి గుడ్డల వల్లే. ముగ్గురు అగ్నిమాపక సిబ్బంది చనిపోయారు. విడివిడిగా పరిచి ఆరబెట్టడమో, నీళ్ళుపోసిన లోహపు డబ్బాలో మూతపెట్టడమో చెయ్యాలి.

ఇప్పుడు అసలు సంగతి. పైన చెప్పిందంతా 2004 తర్వాత కట్టిన డెక్కులకే. అంతకు ముందు చెక్కకి పురుగు పట్టకుండా, కుళ్ళకుండా ఎక్కించిన మందు సీసీఏ. క్రోమియం, రాగి, ఆర్సెనిక్ కలిపిన మిశ్రమం. అవును, ఆర్సెనిక్ అంటే పాషాణమే. తయారీదారులు 2003 డిసెంబరు 31తో ఇళ్ళ వాడకానికి దాన్ని ఆపేశారు. కానీ అప్పటికే కట్టిన డెక్కులు చాలానే ఇంకా నిలబడి ఉన్నాయి. వాటిని మెషీన్‌తో సాండింగ్ చేస్తే ఆ దుమ్ము ఊపిరితిత్తుల్లోకి పోతుంది, పెరట్లో పడుతుంది. బ్లీచ్‌లాంటి ఘాటు మందులు పోస్తే చెక్కలోని క్రోమియం ఇంకా విషపూరితమైన రూపంలోకి మారి బయటికి రావచ్చు. ఆమ్లాలు పోస్తే చెక్కలోని లోహాలు ఎక్కువగా కారిపోతాయి. ఆ చెక్కని కాల్చడం అంతకన్నా ప్రమాదం. ఇలాంటి డెక్కుని సబ్బునీళ్ళతో మెత్తగా కడిగి, ఇంకే రకం పూత క్రమం తప్పకుండా వేస్తూ ఉండటమో, లేదంటే చెక్కలే మార్పించడమో మంచిది. సెడార్, రెడ్‌వుడ్ డెక్కులకి మామూలుగా ఈ మందు బాధ ఉండదు. 1978కి ముందు ఇళ్ళైతే పాత పెయింటులో సీసం ఉండొచ్చు, అది ఇంకో కథ.

కాబట్టి మొదటి ప్రశ్న "ఎంతవుతుంది?" కాదు, "ఎప్పుడు కట్టారు?" ఇంటి కాగితాల్లోనో, కౌంటీ పర్మిట్ రికార్డుల్లోనో దొరుకుతుంది.

ఇక్కడే నాకు మనవాళ్ళ మీద కోపం. ఆ గ్రూపులో నెంబరు పట్టుకుని రప్పించే పనివాడు చాలాసార్లు రోజుకూలీ. మాస్కుండదు, కళ్ళద్దాలుండవు. ఇంటి వయసు మనకి తెలుసు, అతనికి తెలీదు. మనం పిల్లల్ని లోపలుంచి తలుపులేసుకుంటాం, అతను రోజంతా ఆ దుమ్ములో ఉంటాడు. తక్కువలో చేస్తాడని పిలిచాం కాబట్టి ఇక మన బాధ్యత లేదంటే నేనొప్పుకోను. డెక్కు ఎప్పటిదో చెప్పడం, మంచి మాస్కు ఇవ్వడం, సీసీఏ అయితే సాండింగ్ వద్దనడం మనం చెయ్యాల్సిన కనీసం పని.

ఇంకో కోపం కూడా ఉంది. ఇల్లు అమ్మే ముందు సాలిడ్ స్టెయిన్ కొట్టించడం. "అమ్మేదాకా ఆగితే చాలు, తర్వాత కొన్నవాడు చూసుకుంటాడు." ఎవరా కొన్నవాడు? ఈ ఊళ్ళో చాలాసార్లు మనలాంటి ఇంకో తెలుగువాడే! వాళ్ళ పాప పుట్టినరోజుకి ఆ డెక్కు మీదకి నలభైమంది ఎక్కుతారు. 2015 జూన్‌లో కాలిఫోర్నియాలోని బర్క్‌లీలో ఒక అపార్ట్‌మెంట్ బాల్కనీ పుట్టినరోజు పార్టీ మధ్యలో విరిగిపడి ఆరుగురు చనిపోయారు, ఏడుగురు గాయపడ్డారు. లోపల చిక్కుకున్న నీళ్ళకి దూలాలు కుళ్ళిపోయాయి, పైకి కనపడలేదు. అది స్టెయిన్ వల్ల జరిగింది కాదు. కానీ పైపొర బాగుంటే లోపలి చెక్కా బాగుందని నమ్మడం ఎంత ప్రమాదమో దాన్నిబట్టి తెలుస్తుంది. ఆ తర్వాత 2018లో కాలిఫోర్నియా అపార్ట్‌మెంట్ల బాల్కనీలకి తనిఖీల చట్టం తెచ్చింది. విడి ఇళ్ళకి అది వర్తించదు, మన డెక్కుని మనమే చూసుకోవాలి. గీకడంలో ఉన్న పెద్ద లాభం నా దృష్టిలో ఇదే. గీకేటప్పుడు ప్రతి చెక్కా, ప్రతి మేకూ కంట్లో పడుతుంది. స్క్రూడ్రైవర్‌తో పొడిస్తే మెత్తగా దిగే చోటు తెలుస్తుంది. ఇంటిగోడకి డెక్కు ఆనే దూలం దగ్గర మరీ జాగ్రత్తగా చూడాలి.

"ఇంత గొడవెందుకు, కాంపోజిట్ వేయించుకుంటే పోలా?" అనొచ్చు. వేయించుకోండి, డబ్బులుంటే మంచిదే. కానీ మారేది పై పలకలే, కింద దూలాలు చాలామటుకు చెక్కవే. "టైమెక్కడుంది?" అనేది న్యాయమైన ప్రశ్న. టైము లేకపోతే ఈ ఏడాది ఏమీ వెయ్యకండి. బూడిదరంగు డెక్కు చూడ్డానికి బాగోకపోవచ్చు, కానీ అది అబద్ధం చెప్పదు. మెత్తబడ్డ చోటు మెత్తగానే కనిపిస్తుంది.

ఆఫీసులో మనం రోజూ చూసేదే ఇది. పాత కోడ్ మీద ప్యాచ్, ఆ ప్యాచ్ మీద ఇంకో ప్యాచ్, రిలీజైపోతే చాలు, తర్వాత టీమ్ చూసుకుంటుంది. అక్కడ మహా అయితే రాత్రి రెండింటికి ఎవరికో ఫోనొస్తుంది. ఇక్కడ దానిమీద పిల్లలు ఆడుకుంటారు. అందుకని ఈ వేసవిలో పనివాడి నెంబరు అడిగే ముందు డెక్కు ఎప్పుడు కట్టారో చూడండి, నాలుగు చుక్కల నీళ్ళు చల్లండి, ఒక స్క్రూడ్రైవర్ పట్టుకుని కిందకి దూరండి. రంగు ఏ షేడు వెయ్యాలన్నది ఆ తర్వాత మీరూ మీ ఇంటావిడా తేల్చుకోవచ్చు, అందులో నేను తలదూర్చను :)